పసుపు పూసిన మిషన్

మదనపల్లె బజారులో మాది చిన్న నగల కొట్టు. ఆయుధపూజ నాడు మా నాన్న త్రాసుకు, పటకారుకు, బీరువా తాళాలకు పసుపు పూసి బొట్టు పెడతాడు. ఆ ఏడు కార్డు మిషన్‌నూ వదల్లేదు. తడి పసుపు వేలికి తీసుకుని సరిగ్గా కార్డు దూర్చే సందు మీదే పూశాడు.

"ఇది గూడా అన్నం పెడతాండాది గదప్పా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

మూడో రోజు నుంచి ఆ సందు కార్డు మీది చిప్పును చదవడం మానేసింది. పక్కనున్న గాడిలో గీకితే మాత్రం పనిచేసేది. అలాగే నెట్టుకొచ్చాను.

ఒకరోజు మిషన్ చూడ్డానికి బ్యాంకు నుంచి వచ్చినావిడ దాన్ని తిప్పి చూసి, పచ్చటి మరకను గోటితో గీరింది. "చిప్పు కార్డును గీకి తీసుకున్యారనుకోండి, రేపు అది దొంగ కార్డని తేలితే నష్టం మీదే సార్, బ్యాంకు భరించదు. కొత్త మిషన్‌కి ఈడ సంతకం పెట్టండి" అంది. సందులోకి పసుపు పోయి చెడిందని ఆ కాగితం మీదే రాసింది కూడా.

అప్పుడే నాన్న లోపలికి వస్తున్నాడు. అమ్మ పోయాక ఆయనకు మిగిలింది ఈ కొట్టే. తన చేత్తోనే చెడిందని తెలిస్తే మళ్లీ కొట్లో కూర్చోడు; ఆయన మొండితనం నాకు తెలుసు. "తర్వాత చూద్దాం లేమ్మా" అని కాగితం మడిచి గల్లాపెట్టెలో పడేశాను. అందరూ ఫోన్లతోనే కడుతున్నారు, కార్డు ఎవరు తెస్తారులే అనుకున్నాను.

తెచ్చాడొకడు. హార్స్లీ హిల్స్‌లో దిగానన్నాడు. ఒకరోజు ఉంగరం, మర్నాడు గొలుసు, ఆ మర్నాడు రెండు గొలుసులు. తరుగు మీద ఒక్క మాట బేరం చెయ్యలేదు. అలాంటి మనిషిని నా జన్మలో చూడలేదు, అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. "ఫారిన్ కార్డు, పిన్ అడగదు" అన్నాడు. నిజంగానే అడగలేదు. నాన్న టీ తెప్పించాడు. పోతూ పోతూ వాడు నాన్న కాళ్లకు మొక్కాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నెల తిరక్కుండానే బ్యాంకు కాగితం వచ్చింది. ఆ కార్డు అసలు మనిషి ఏదో దేశంలో ఉన్నాడు, మన దేశంలో అడుగే పెట్టలేదు. మూడు అమ్మకాల డబ్బూ మా ఖాతాలోంచి వెనక్కి పోయింది. ఆ దొంగ మా కంటే ముందు పుంగనూరులో, కుప్పంలో ప్రయత్నించాడట. ఆ కొట్లలో కార్డు దూర్చితే మిషన్ ఒప్పుకోలేదు. గీకే కొట్టు కోసం ఊరూరా వెతుక్కుంటూ మా దాకా వచ్చాడన్నమాట.

నాన్నతో "నకిలీ కార్డంట" అన్నాను, అంతే. నాలుగు రోజుల తర్వాత గల్లాపెట్టె తెరిస్తే, నేను మడిచి పడేసిన కాగితం మడతలు విప్పి, దాని మీద తూకం రాయి పెట్టి ఉంది.

ఆయన కొట్టుకు రావడం మానలేదు. కానీ కార్డు చేతికిచ్చిన ప్రతివాడి ముఖంలోకీ తేరిపార చూసేవాడు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. త్రాసు అయింది, పటకారు అయింది, తాళాలు అయ్యాయి. కొత్త మిషన్ దగ్గర వేలికి తడి పసుపుతో ఆగిపోయాడు.

"దీనికి యాడ పెట్టమంటావప్పా?"

తన కొట్లో ఆయన నన్ను అడిగి చేసిన పని అంతవరకూ లేదు. నేను చెప్పేలోపే ఆయన ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు.