ఎనభై గళ్ల పోలిక

విశాఖపట్నంలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నాకు వచ్చినంతగా ఇంకెవరికీ రాదని డెబ్బైల చివర్లో చెప్పుకు తిరిగేవాణ్ని. నిజానికి ఊళ్లో ఆ భాష వచ్చినవాళ్లు నాకు తెలిసి ఆరుగురు. మిగతా అయిదుగురూ నాకన్నా మెరుగు.

పోర్టు దగ్గర ఓ చిన్న కంప్యూటర్ సెంటర్లో నా ఉద్యోగం. ఓడల్లో సరుకు దించే కాంట్రాక్టరొకాయన తన పనివాళ్ల జాబితాలు రెండు మాకిచ్చాడు. ఒకటి పనిలో చేరినప్పటిది, రెండోది కొత్తగా రాయించినది. రెండిట్లోనూ ఉన్నవాడు పర్మినెంటు. ఒక్కదాంట్లోనే ఉంటే బోగస్, గేటు బయటికి.

ఒక్కో జాబితాకీ మనిషికో కార్డు, కార్డుకి ఎనభై గళ్లు, గళ్లలో పొడిచిన చిల్లులే అక్షరాలు. టోకెన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, చిరునామా, ఆఖర్న కాసిని ఖాళీ గళ్లు. ఒక్కోటీ విడివిడిగా పోల్చమని రాయాలంటే బద్ధకమేసి, పాత రికార్డు మొత్తం కొత్త రికార్డు మొత్తానికి సమానమా అని ఒకే వాక్యం రాసి పడేశాను. అలా రాస్తే కోబాల్ ఎనభై గళ్లూ ఎడమ నుంచి కుడికి అక్షరం తరవాత అక్షరం పోల్చుకుంటూ పోతుంది. ఏది పేరో, ఏది ఖాళీయో దానికి పట్టదు.

నలభై ముగ్గురు బోగస్ తేలారు. వాళ్లలో ఒకడు మల్కాపురంలో మా పక్కింటివాడే, ఓడల్లోంచి మూటలు పైకి లాగే వించి డ్రైవరు. శుక్రవారం సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటి బావా, నాను దొంగోణ్నట. మీ మిషన్ సెప్పిందట."

"ఎవరన్నారు?"

"గేటుకాడ అందరూ అంతన్నారు. సోమారం కాయితం అంటించేత్తారట. పన్నెండేళ్లు ఓడ కడుపులోంచి మూటలు లాగినాను. ఇప్పుడు నానే లేనంటే ఏటి సేత్తాను?"

సోమవారం లోపల తేలుస్తానని మాటిచ్చాను. గంటలో తప్పు పట్టేశానని తరవాత చాలామందితో అన్నాను. రెండు రోజులైంది. పట్టుకున్నది నేను కాదు, కార్డులు పంచ్ చేసే అక్క. ఆదివారం చర్చి నుంచి నేరుగా సెంటరుకి వచ్చి, బోగస్ తేలినవాళ్లలో ఒకడి కార్డులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తింది. ఆఖరి గడిలో మాత్రం చిల్లులు ఒకదాని మీద ఒకటి పడక వెలుతురు రాలేదు.

"ఇదేటి తమ్ముడూ, పాతదాని మీద నా గుర్తుంది. కొత్తదాని మీద నాతోపాటు కార్డులు కొట్టే రెండో అమ్మాయిది."

"గుర్తా? ఎందుకేశారు?"

"కార్డులు కిందడితే ఎవలివో తెల్లాలి కదా. ఆ గడి ఖాళీయే, పనికిరాదని నువ్వే సెప్పినావు. పోయిన నెల గుడ్ ఫ్రైడేనాడు నాను రాలేదు. ఆ పూట కొత్త కార్డులు ఆ పిల్లే కొట్టింది."

ఆ పూట కార్డులు నలభై మూడు.

అక్కడే కూర్చుని ఆ ఒక్క వాక్యం కొట్టేసి, ఆఖరి గడి వదిలేసి, గడి గడికీ పేరు పెట్టి విడివిడిగా పోలిక రాశాను. నలభై ఇద్దరు కలిశారు. వించి డ్రైవరు మళ్లీ మిగిలాడు. పాత చిరునామా భీమిలి, కొత్తది మల్కాపురం.

సోమవారం పొద్దున్నే మా సెంటరు మేనేజరు ముందు నిలబడ్డాను. "అడ్రసు తేడా ఉందిగా, తీసెయ్" అన్నాడాయన. నేను గర్జించానని చాన్నాళ్లు చెప్పుకున్నాను. నిజానికి చేతిలో కాగితాలు సర్దుకున్నాను. గుమ్మంలోంచి అక్కే అంది: "ఇల్లు మారితే మనిషి మారిపోతాడేటండీ?"

అప్పుడు నాకు మాటొచ్చింది. "ఏ గడి లెక్కలోకొస్తుందో భాష చెప్పదు సార్, మనమే చెప్పాలి. టోకెను, పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు. ఈ నాలుగూ కలిస్తే అదే మనిషి. రాసి సంతకం పెడతాను."

"తప్పయితే?"

"నన్ను తీసెయ్యండి."

ఈ మాటకి మాత్రం నేనేమీ కలపలేదు. ఆయన కాగితం నా వైపు తోశాడు. రాశాను, సంతకం పెట్టాను.

మధ్యాహ్నం గేటు దగ్గర వించి డ్రైవరు అంటించిన జాబితాలో తన పేరున్న వరస నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి అయ్యాక నోరు విప్పాను. "నిన్ను ఆపినవాణ్ని కూడా నేనే బావా. మిషన్ కాదు."

"తెలుసు. అక్క సెప్పింది" అని సైకిలెక్కాడు. "షిఫ్టుకి టైమైపోతంది, తిట్లు సాయంత్రం వచ్చి తిడతాను."

వచ్చాడు. తిట్టాడు.