చెయ్యి పట్టుకుంటారా అండీ

ఏలూరులో నేనెక్కిన బస్సు తాడేపల్లిగూడెం ఊళ్లోకి వెళ్లదు, హైవే మీదే దింపేస్తుంది. ఊళ్లోకి వెళ్లే ఆటోలేమో రోడ్డుకు అవతల ఉన్నాయి. మధ్యలో చేపల లారీలు, కార్లు ఎడతెగకుండా పోతున్నాయి. మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను ఒక్కదాన్నీ బయటికి రావడం అదే మొదలు. అడుగు ముందుకు వేయడం, లారీ హారన్ వినగానే వెనక్కి తీసుకోవడం, అదే పనిగా ఉంది.

కాస్త దూరంలో బ్యాగు తగిలించుకుని నిలబడ్డ ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

“ఏవండీ, నాకు రోడ్డు దాటాలంటే భయమండీ. కాస్త చెయ్యి పట్టుకుంటారా?”

నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. “ఫరవాలేదమ్మా, నేనున్నాగా!” అన్నాను. బళ్లో పిల్లలకు చెప్పినట్టు జాగ్రత్తలు చెబుతూ, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, డివైడరు దగ్గర కాసేపు ఆగి, అవతలికి తీసుకెళ్లాను.

“చాలా థాంక్సండీ” అంది.

ఆటోలో కూర్చున్నాక, ఊళ్లోకైతే తననీ రమ్మందామని తల బయటికి పెట్టి చూశాను. ఆమె ఒక్కతే గబగబా రోడ్డు దాటేసి, అవతలి పక్కన రాజమండ్రి బస్సుకు చెయ్యెత్తుతోంది. భయపడింది తను కాదని అప్పుడు అర్థమైంది. పిలుద్దామనుకునేలోపే బస్సెక్కేసింది.

గూడెంలో మా అక్క గుమ్మంలోనే కంగారుగా అడిగింది. “అంత రోడ్డు ఎలా దాటావే?”

“ఎవరో అమ్మాయి భయపడుతుంటే చెయ్యి పట్టుకుని దాటించానక్కా” అన్నాను.