ఎండగట్టిన చెరువులో విమానం

మా ఆయన విమానం తయారు చేస్తున్నారన్న సంగతి ఊరందరి కంటే ఆఖరున తెలిసింది మా అత్తయ్యగారికే. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు, పడవ ఇంజన్లు బాగుచేయడం ఆయన పని. షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక ఇనుము మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఏదో పందిరికి గొట్టాలు బిగిస్తున్నాడనుకుని ఆవిడ పట్టించుకోలేదు. ఓ రోజు మజ్జిగ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, అలాగే తిరిగొచ్చి, గ్లాసు నా చేతిలో పెట్టి, "వాడు వేస్తున్నది పందిరి కాదటే" అన్నారు.

నాకు ముందే తెలుసు. రెక్కలకు బిగించే గుడ్డ కుట్టింది నేనే. జాకెట్లు కుట్టుకునే మిషను అరుగు మీదికి లాక్కొచ్చి, బారెడు గుడ్డ వీధిలో పడకుండా పక్కింటావిడ పట్టుకుంటే, ప్రతి అంచూ తిప్పి మళ్లీ కుట్టాను. ఆయన పక్కన కూర్చుని ఫోనులో వీడియోలు చూపిస్తూ, కుట్టు వదులైతే గాలి దూరుతుందని చెప్పేవారు.

అత్తయ్యగారికి ఆయన ఒక్కడే కొడుకు. ఆవిడ కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి అవతలికి వెళ్లిపోయేవారు. విమానం ఎప్పుడో సిద్ధమైనా ఆయన దాన్ని బయటికి తీయలేదు. ఆవిడ చెయ్యి నెత్తిన పడకుండా సైకిలు కూడా కొనని మనిషి. చివరికి ఆవిడే దిగొచ్చి, "ఎగురుదువు గాని, మంచి ముహూర్తం చూసి ఎగురు. నా కళ్లముందు ఎగురు" అన్నారు. ఆ రోజు ఆయన చిన్నపిల్లాడిలా గంతులు వేయడం ఒక్కటే తక్కువ.

మా వైపు అంతే. కొత్త ట్రాక్టరు కదలాలన్నా, పడవ నీళ్లలోకి దిగాలన్నా, చెరువులో రొయ్యపిల్ల వదలాలన్నా పంతులుగారిని అడగాల్సిందే. పంతులుగారు పంచాంగం తిరగేసి, ఆదివారం మధ్యాహ్నానికి కాస్త ముందు దివ్యమైన ఘడియ ఉందన్నారు. విమానానికి గాలి కూడా చూడాలని పంతులుగారికేం తెలుసు? తెలిసిన మా ఆయన నోరెత్తలేదు. అమ్మ ఒప్పుకుంది, అది చాలనుకున్నారు.

వేసవిలో రొయ్యలు పట్టేశాక చెరువును ఎండగడతారు. నేల బండలా గట్టిపడుతుంది. ఆయన స్నేహితుడు తన పొడవాటి చెరువు ఇచ్చాడు. చుట్టూ గట్లు. విమానం పరిగెత్తి పరిగెత్తి గట్టు వచ్చేలోగా లేవాలి, మళ్లీ అందులోనే దిగాలి.

ఆదివారం తెల్లారేసరికి మేం అక్కడున్నాం. ఆకు కదలడం లేదు. పక్క చెరువులో నీళ్లు పళ్లెంలో పోసి పెట్టినట్టు ఉన్నాయి. ఆయన చుట్టూ ఒకసారి చూసి, "ఇప్పుడైతే ఎంత హాయి" అన్నారు. అత్తయ్యగారు పసుపు తడుపుతున్నారు. ఆవిడ వంక చూసి, విమానం తుడవడానికి వెళ్లిపోయారు.

ఎండెక్కేసరికి గట్ల మీద ఊరంతా చేరింది. వరస కలిపి పిలిచే కుర్రాళ్లు ఊరుకోరు కదా.

"మావయ్యా, మమ్మల్ని యానాంలో బ్రాందీ షాపు దగ్గర దింపేసి వచ్చెయ్. తిరిగొచ్చేటప్పుడు విమానం అక్కర్లేదు, మేమే తేలుకుంటూ వచ్చేస్తాం."

"ముందు నన్ను గట్టు దాటనివ్వండ్రా" అని ఆయనా నవ్వారు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు ఫ్యానుకు ఎవరో కట్టిన బంతిపూల దండ ఆయనే మెల్లగా విప్పి తల్లి చేతికిచ్చారు. అప్పటికే సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. కొబ్బరాకుల కొసలు ఊగాయి, కాసేపటికి మట్టలే ఊగాయి. నా పమిట నిలవడం లేదు. ఆయన మంచినీళ్లకని నా దగ్గరికి వచ్చారు.

"గాలి లేచింది. దిగేటప్పుడు తంటా" అన్నారు, నాకు మాత్రం వినబడేలా.

"మానేద్దామండీ. రేప్పొద్దున్నే ఎగురుదురు గాని."

"అమ్మ మొహం చూడు. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఒక్క చుట్టు వేసి దిగిపోతాను. తనతో అనకు."

గుమ్మడికాయ కొట్టారు. అత్తయ్యగారు ఆయన నెత్తిన చెయ్యి వేశారు. విమానం చెరువు నేల మీద దడదడలాడుతూ వెళ్లింది. గట్టు దగ్గరపడింది. చక్రాలు నేల వదిలేశాయి. అంత బరువున్నది, నేను గుడ్డ తొడుగుతుంటే కాలికి గుచ్చుకున్నది, ఒక్కసారిగా కొంగలా తేలిపోయింది. కొబ్బరి తలల మీదుగా తిరిగింది. గట్టు మీద జనం ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. అత్తయ్యగారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, అలాగే ఉండిపోయారు. ఆయన నిజంగా ఎగిరారు. అది ఎవరూ కాదనలేరు.

దిగేటప్పుడు గాలి ఒక రెక్కను కింద నుంచి ఎత్తింది. రెండో రెక్క కొస గట్టుకు తగిలింది. విమానం బోర్లాపడింది. ఆసుపత్రి దాకా కూడా ఆయన ఉండలేదు.

పదోరోజు వచ్చిన వాళ్లలో ఒకాయన, నన్ను ఓదార్చాలనే కాబోలు, "మీ కుట్టు ఎక్కడా ఊడలేదండి" అని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ ముహూర్తం మాట ఎత్తలేదు, నేను గాలి మాట ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆవిడ తల ఎత్తకుండా అడిగారు.

"నేను ముహూర్తం అనకపోతే వాడు పొద్దున్నే ఎగిరేవాడు కదే?"

"పొద్దున కూడా గాలి ఉందండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆ పొద్దున గట్టు మీద అగ్గిపుల్ల గీసి, చెయ్యి అడ్డం పెట్టకుండానే దీపం వెలిగించింది ఆవిడే. తల ఎత్తి నా మొహంలోకి చూశారు.

"ఉందిలే. పొద్దున్నా ఉంది గాలి" అన్నారు. ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, ఈనె తీయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు.