ర్యామ్ లేని పెట్టె

పెళ్లికి ముందు నేను పురసవాక్కంలో ఒక చిన్న ఆఫీసులో చీరల అంచులకు డిజైన్లు గీసేదాన్ని. పెద్ద స్క్రీన్ మీద ఒక మామిడిపిందె గీసి, దాన్ని తిప్పి, పక్కన ఇంకోటి పేర్చి, అంచు పొడవునా పాకిస్తుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు పాప బడికి పోతోంది, నా మనసేమో ఆ పని కోసం కొట్టుకుంటూనే ఉంది. ఫోన్‌లో గీస్తే గోరంత పువ్వు వస్తుంది, దాన్నేం చేసుకోను?

మా ఆయన వాషర్‌మెన్‌పేట్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తాడు. లాప్‌టాప్ మన తాహతు కాదు, చిన్న డెస్క్‌టాప్ నేనే బిగిస్తాను అన్నాడు. మాది రెండు గదుల ఇల్లు. బియ్యం డ్రమ్ము పక్కన అలమరలో ఒక్క అర ఖాళీ చేశాం. అందులో పట్టేదే కొనాలి, ముప్పై వేలు దాటకూడదు. కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీట్ నుంచి నెలకో భాగం చొప్పున తెచ్చాడు. మిఠాయి డబ్బా అంత క్యాబినెట్, బుల్లి మదర్‌బోర్డు, ఎవరో వాడి అమ్మేసిన ప్రాసెసర్. మానిటర్ మా బావగారి ఆఫీసులో పక్కన పడేసింది. వీడియోలు చూస్తూ ఆయన స్క్రూలు బిగిస్తుంటే, మూత ఎప్పుడు వేస్తాడా అని నేను పొయ్యి వదిలి వచ్చి నిలబడేదాన్ని. ఇక మిగిలింది ర్యామ్ ఒక్కటే. మూడున్నర వేల చిన్న పలక. అది లేకపోతే కంప్యూటర్ నడవనే నడవదు.

అప్పుడే పాత ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది. పెళ్లిళ్ల చీరలున్నాయి, ఇంట్లో కంప్యూటర్ ఉంటే డిజైన్లు నీకే ఇస్తాను, సంక్రాంతికి తై నెల పుట్టేలోగా కావాలి అంది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. కానీ ఆ నెల జీతం వానకు కారిన ఇంటికప్పు మింగేసింది. డబ్బు చేతికొచ్చేసరికి ధనుర్మాసం వచ్చేసింది. దాన్ని మేమంతా మార్గళి అనే అంటాం.

"మార్గళిలో కొత్త సామాను ఇంటికి తెస్తారా యాడన్నా?" అంది మా అత్త. "తై పుట్టనీయండి, అప్పురం తెచ్చుకుందురు."

సరే అత్తా అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను. ఆర్డర్ సంగతి ఆమెతో అనలేదు. పెద్దావిడతో వాదన ఎందుకులే అనుకున్నాను.

ఆ నెలంతా తెల్లవారుజామున వీధిలో ముగ్గులు పెట్టాను. చీర అంచులన్నీ మా గుమ్మం ముందు నేల మీదికి దిగాయి. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఎనిమిదింటికల్లా బండ్లు తొక్కేసేవి. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. మేడమ్ మరోసారి అడిగి, ఇక లాభం లేదని పని వేరే ఆమెకు ఇచ్చేసింది.

తై పుట్టిన మర్నాడు ఆయన రిచ్చీ స్ట్రీట్‌కు పోయి ఉత్తచేతులతో వచ్చాడు. ర్యామ్‌ల ధర ఊరంతా మండిపోతోందట, ఆ పలకే పదివేలకు దగ్గర్లో ఉందట.

"ఇంకా తేలేదేందే?" అంది అత్త సాయంత్రం కాఫీ తాగుతూ. ధర చెప్పాను. ఎలాగూ చేజారింది కదా అని ఆర్డర్ సంగతీ చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పని ఉండాదని ఒక మాట చెప్పకూడదా? నేను వద్దన్నా తెచ్చేసుంటే ఏం చేసుందును? రెండు దినాలు మూతి ముడుచుకోని కూర్చోనుందును, అంతే కదా. మీ మామ స్కూటర్ తెచ్చింది మార్గళిలోనే. మా అత్త మాట్లాడనే లేదు. అప్పురం ఆమే ఎనక సీట్లో ఎక్కి గుడికి పొయ్యింది."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ ఇంట్లో నేను భయపడాల్సిన మనిషి ఎవరూ లేరని ఇన్నేళ్లకు తెలిసింది. అక్కడే, ఆమె ముందే, ఏడ్చేశాను.