హెన్నింగ్ గెలిచిన పంది

మా లూబెక్ పట్టణంలో ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు గుడ్డివాళ్ళకు దానం చేస్తారు. సంతలో కంచె కట్టి, వాళ్ళ చేతికి దుడ్డుకర్రలిచ్చి, పందిని లోపలికి వదులుతారు. చంపినవాడిదే పంది. ఆట త్వరగా అయిపోకూడదని తలలకు తుప్పు పట్టిన ఇనుప టోపీలు కూడా పెడతారు. ఇది పుణ్యమనేవాళ్ళంతా కంచె బయట, మెత్తల మీద కూర్చుంటారు.

హెన్నింగ్ పుట్టుగుడ్డి కాదు. తోళ్ళు నానబెట్టే సున్నం చిమ్మి కళ్ళు పోయాయి, వాటితో పాటు పనీ పోయింది. ఆ ఏడు అతని భార్య గెజె బాలింత. తిండి లేక పాలు పడలేదు. పసిది ఏడవడం కూడా మానేసింది. పంది దొరికితేనే బతుకుతుంది.

చర్చి మెట్ల మీద అతని పక్కనే అడుక్కునే ఇంకో గుడ్డివాడు టీడెకె ఉపాయం చెప్పాడు.

"పంది నా దగ్గరికొస్తే కర్రతో నేల రాళ్ళ మీద రెండుసార్లు కొడతా. నువ్వు పరిగెత్తుకొచ్చెయ్యన్నా. చెరి సగం."

"తలకాయ నాకు."

"ఉన్నదే వాడవు, ఇంకోటెందుకు నీకు?"

కంచె లోపల మొదటి దెబ్బలన్నీ మనుషులకే తగిలాయి. ఒకడి దవడ విరిగింది. బయట నవ్వులు. ఇంతలో టకటకమని రెండు దెబ్బలు వినిపించాయి. హెన్నింగ్ ఉరికాడు, పంది జారిపోయింది. ఆ సైగ బయట కూర్చున్న ఒక ఉప్పు వర్తకుడి కంటపడింది. పంది అవతలి మూలకు పోయాక, అతను కంచె సందులోంచి చేతికర్ర చాపి టీడెకె కాళ్ళ దగ్గర రెండుసార్లు కొట్టాడు.

హెన్నింగ్ బలమంతా పెట్టి బాదాడు. ఇనుప టోపీ ఎగిరిపోయింది.

"అన్నా, నేను..."

రెండో దెబ్బ అప్పటికే పడిపోయింది.

నెత్తురు వాసనకు పంది తనంతట తనే వచ్చింది. హెన్నింగ్ దాన్ని చంపాడు. చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

సగం మాంసం టీడెకె భార్యకు పంపితే, ఆమె హెన్నింగ్ గుమ్మం ముందుకే వచ్చింది.

"తలకాయ నీకన్నావంటగా. అదీ ఇయ్యి."

అదీ ఇచ్చేశాడు. పసిది బతికింది.

బాగా ఆడాడని మరుసటి ఏడూ పిలిచారు. వర్తకుడికి పాత సరదా గుర్తొచ్చింది. కంచె సందులోంచి రెండుసార్లు కొట్టాడు. ఆ సైగ చేసే టీడెకె బతికి లేడు. హెన్నింగ్ ఈసారి పందిని పట్టించుకోలేదు. ఆ చప్పుడు వైపే నడిచి, కంచెకు పొట్ట ఆనేదాకా వెళ్ళి, దాని మీదుగా కర్ర దించాడు. వర్తకుడి తలకు ఇనుప టోపీ లేదు.

హెన్నింగ్‌ను ఆ వారమే ఉరి తీశారు. దానం ఆగలేదు. మెత్తలు మాత్రం కంచెకు కాస్త దూరంగా వేస్తున్నారు.