నేలకు తాకిన అరచెయ్యి

మా ఊరి వీధి ఆట నేర్పే అయ్యవారికి ఎడమ కన్ను లేదు. వయసులో ఉన్నప్పుడు యుద్ధం ఆడుతుంటే ఎదుటివాడి కర్ర కొస తగిలి పోయింది. ఆ కొట్టినవాడు ఆయన చిన్నాన్న కొడుకే. మాకు కర్ర చేతికిచ్చిన మొదటి రోజు ఆయన ఆ సంగతి చెప్పాడు.

"కన్ను పోయినదానికి నేను ఏడవలేదప్పా. వాడు కావాలని కొట్టినాడా, చెయ్యి జారి కొట్టినాడా అనేది ఈ పొద్దుకీ తెలీదు. దానికి ఏడ్చినాను."

మా ఊరి ఆటలో యుద్ధానికి ఉన్న కట్టుబాట్లన్నీ ఆ కన్ను పోయాక ఆయన పెట్టినవే.

మా ఊరు ఉద్దనపల్లి నుంచి నడిచి పోయేంత దూరం. మాకు కొన్ని గొర్రెలు, వాన పడితే పండే రాగి చేను. డెబ్భైల చివర్లో నేను హోసూరులో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పనికి చేరాను. వారానికోసారి బస్సెక్కి ఊరికి వచ్చేవాణ్ణి. చైత్రంలో మాత్రం సెలవు పెట్టి మరీ వచ్చేవాణ్ణి, మూడు రోజుల ఆట కోసం.

అది ఒక కొండకోట కోసం కొట్టుకున్న అన్నదమ్ముల కథ. ఆ ఆట అయ్యవారి తాత కట్టినదట. ఇద్దరికీ పేర్లు లేవు, పెద్దదొర, చిన్నదొర, అంతే. రెండు రోజులు మాటలూ పాటలూ నడిచేవి. మూడో రోజు పొద్దున, కోత అయిపోయిన చేలో యుద్ధం. మాటలకు రాత ఉండేది కానీ దెబ్బలకు లేదు. ఏ దొర గెలవాలో ముందుగా అనుకున్నదీ లేదు. ఎవరు నిలబడితే కథ వాళ్ళ వైపు తిరిగేది. రెండు ముగింపులకూ పద్యాలు ఉండేవి. నిలబడినవాడు తన పద్యం పాడి కోట ఎక్కేవాడు. కోట అంటే ఒక ఎద్దుల బండి.

అందుకే కట్టుబాట్లు అంత గట్టిగా ఉండేవి. మెడకు పైన కొట్టకూడదు. ఎక్కడ కొడతావో అరిచి కొట్టాలి, "భుజం" అనో "నడుము" అనో. అరవని దెబ్బ దొంగ దెబ్బ. దెబ్బ వేయడం వరకే కొట్టేవాడిది. అది ఎంత తగిలింది, తూలాలా, పడాలా, చావాలా అన్నది తగిలించుకున్నవాడు చూపించాలి. "నువ్వు చచ్చినావు, పడు" అని ఎదుటివాణ్ణి అనే హక్కు ఎవరికీ లేదు. ఇక చాలనుకున్నవాడు అరచెయ్యి నేలకు తాకించేవాడు. అప్పుడు కర్ర గాలిలో ఉన్నా సరే దిగకూడదు.

ఇంకొకటి ఉండేది. గజ్జెలు కట్టే ముందు అయ్యవారు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "వీని మీద నీకు మనసులో ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. ఉందంటే వేషం ఇంకొకరికి పోతుంది. అందులో సిగ్గు లేదు. ఒక ఏడాది చేని గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు "ఉంది అయ్యోరా" అని చెప్పి, వేసుకున్న రంగు కడిగేసుకుని జనంలో కూర్చున్నారు.

ఇన్ని ఉన్నా రక్తం రాని ఏడాది లేదు. నాకు ముందు పళ్ళు రెండు పోయినవి ఆ చేలోనే. ఒకడికి బొటనవేలు వంకరగానే అతుక్కుంది. రక్తం కనబడితే జనం లేచి నిలబడేవాళ్ళు. నిజం చెప్పాలంటే మాకూ అది బాగుండేది.

ఈ సంగతి జరిగిన ఏటికి నాలుగేళ్ళుగా నేను పెద్దదొర, మా అక్క మొగుడు చిన్నదొర. బావది పక్క ఊరు. బండరాళ్ళు కొట్టే పని వల్ల ఆయన భుజాలు దుంగల్లా ఉండేవి. పెళ్ళయ్యాక మా జట్టులోకి వచ్చాడు. "కర్రను చూడవద్దు బామ్మర్దీ, భుజం చూడు. భుజం కదిలినాకనే కర్ర కదిలేది" అని నాకు నేర్పినవాడు ఆయనే. ఆయనంటే నాకు ఇష్టంగా ఉండేది. అది దాచి ఈ కథ చెప్పలేను.

ఆ ఏడాది ఆటకు పది రోజుల ముందు పిల్లలకు బన్నులు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. బావ పనికి పోయాడు. అక్క వాకిట్లో కూర్చుని ఎడమ చేత్తో రాగుల్లో రాళ్ళు ఏరుతోంది. అక్కది కుడిచేతి వాటం.

"చేతికి ఏమైందక్కా?"

"గొడ్డు తన్నింది."

వాళ్ళకు గొడ్డు లేదు, కిందటి వేసవిలోనే అమ్మేశారు. నేను దగ్గరికి వెళ్ళి కొంగు తొలగించాను. భుజం నుంచి మోచేయి దాకా మూడు చోట్ల జంట గీతలు. వెదురు కర్ర దెబ్బ అలాగే పడుతుంది, రెండు పక్కలా ఎర్రటి గీతలు, మధ్యలో చర్మం తెల్లగా. నాలుగేళ్ళుగా నా ఒంటి మీద చూసుకుంటున్న గుర్తే అది. ఎవరి చేతి దెబ్బో కూడా నాకు తెలిసిపోయింది.

"ఎన్ని దినాలుగా?" అన్నాను.

"నువ్వేమీ అడగవద్దప్పా. అమ్మకు చెప్పవద్దు. పో, బస్సు పోతుంది."

హోసూరులో ఆ పది రోజులూ మిషన్ మీద ఇనుము చెక్కుతూ ఆ గీతలే చూశాను. ఒకసారి చెయ్యి ఇనుమును పట్టి తిప్పే చక్కు దాకా పోయింది, పక్కన ఉన్నవాడు లాగకపోతే వేళ్ళు పోయేవి. ఊరికి వచ్చాక ఆట కర్రల కట్ట విప్పాను. అవి అంచెట్టి అడవి నుంచి తెచ్చినవి. ఆటకు ఎప్పుడూ లేత కర్రలు తీసుకుంటాం. నేను లోపల బోలు లేని, గట్టిపడిన ముదురు కర్ర ఏరుకున్నాను. దానికి నూనె పట్టించాను. కోపంలో చేసిన పని కాదది. తీరిగ్గా, శ్రద్ధగా చేశాను.

మూడో రోజు పొద్దున అయ్యవారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. బావ ముఖానికి ఎర్ర రంగు, నాకు పసుపు. ముందు ఆయనను అడిగాడు.

"ఏమీ లేదయ్యోరా. నా బామ్మర్ది గదా" అని బావ నవ్వాడు.

తరువాత నన్ను అడిగాడు. "ఏమీ లేదు" అన్నాను.

అయ్యవారు ఉన్న ఒక్క కన్నుతో నన్ను కాసేపు చూశాడు. "ఇంకోసారి అడుగుతా ఉండాను. వీని మీద నీకు ఏమన్నా ఉందా?"

"లేదయ్యోరా."

ఆయన గజ్జెలు నా చేతికిచ్చాడు.

మొదటి కొన్ని దెబ్బలు అరిచే కొట్టాను. తరువాత అరవకుండా పక్కటెముకల మీద వేశాను. బావ పొరపాటనుకున్నాడు. రెండోది తొడ మీద పడేసరికి దగ్గరికి జరిగి, పెదవులు కదలకుండా, "బామ్మర్దీ, అరిచి కొట్టు" అన్నాడు.

"అక్కను అరిచి కొట్టినావా?"

రంగు కింద ఆయన ముఖం మారింది. ఆయన వెనక్కి తగ్గలేదు, చెయ్యి నేలకు పెట్టలేదు. ఆయన కర్ర నా చెవి మీద దిగింది. మెడకు పైన కొట్టకూడదనేది అక్కడితో ఇద్దరికీ పోయింది. చెవిలో హోరు మొదలైంది. మెడ మీదికి వెచ్చగా రక్తం కారింది. జనం లేచి ఈలలు వేశారు. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదని వాళ్ళు అనుకున్నారు. డప్పు వేగం పెరిగింది. ఆయన నా మోచేయి మీద కొట్టాడు, వేళ్ళకు తిమ్మిరెక్కింది. నేను ఆయన నోటి మీద కొట్టాను. ఆయన ఉమ్మితే ఎర్ర రంగు ఏదో రక్తం ఏదో తెలియలేదు. ఇద్దరం బండెద్దుల్లా రొప్పుతున్నాం. నేను ఆయన కర్రను చూడలేదు, భుజం చూశాను. భుజం కదలగానే కిందికి వంగి మడమల మీద ఈడ్చి కొట్టాను.

ఆయన పడ్డాడు. కర్ర ఎగిరి దూరంగా పడింది. ఒక మోకాలు మడిచి, ఇంకో కాలు చాచి, ఆయన కుడి అరచెయ్యి నేలకు ఆనించాడు.

నేను చూశాను. రాగి మోళ్ళ మధ్య దుమ్ములో ఐదు వేళ్ళూ విచ్చుకుని ఉన్నాయి. చూసి, కర్ర రెండు చేతులతో ఎత్తి, చాచిన మోకాలి మీద కొట్టాను. చెరకు గడ విరిచినట్టు శబ్దం వచ్చింది. మళ్ళీ అక్కడే కొట్టాను.

ముందు డప్పు ఆగింది. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. మూడోసారి ఎత్తేసరికి అయ్యవారు వచ్చి మా ఇద్దరి మధ్య ఊరికే నిలబడ్డాడు. ఆయన చేతిలో ఏమీ లేదు. ఆయనను కూడా కొట్టేవాణ్ణేమో. ఆడవాళ్ళ వైపు నుంచి మా అక్క పరుగెత్తి వచ్చింది. రెండు చేతులతో నన్ను తోసేసింది. కొంగు చించి బావ మోకాలికి చుట్టింది. నా ముఖం చూడలేదు.

టమోటాలు తీసుకుపోయే లారీలో ఆయనను కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వెనక బుట్టల మధ్య ఆయన కాలు కదలకుండా పట్టుకున్నది నేనే. ముఖాల మీద రంగులు అలాగే ఉన్నాయి. దారిలో కళ్ళు తెరిచి ఆయన అడిగాడు.

"చెయ్యి పెట్టినాను. చూసినావా?"

"దుమ్ములో కనబడలేదు బావా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల దగ్గర కూర్చున్న అక్క నన్ను చూసింది. అప్పుడు చూసింది.

పోలీసుల దాకా పోలేదు. ఆటలో తగిలిందన్నారు, అదే నిలబడింది. వారం తరువాత అయ్యవారి ఇంటికి వెళ్ళాను. ఆయన గొర్రెపిల్లకు కాలి ముల్లు తీస్తున్నాడు.

"చూసినాను అయ్యోరా. చెయ్యి చూసే కొట్టినాను" అన్నాను.

ఆయన ముల్లు పూర్తిగా తీసి అవతల పారేశాడు. "అబద్ధం చెప్పి గజ్జె కట్టినావు. దానికి నాకు కోపం లేదు, నేను నమ్మకుండానే నీ చేతికి ఇచ్చినాను, ఆ తప్పు నాది. ఇంక నీకు ఈడ కర్ర లేదు" అన్నాడు. ఆ మరుసటి ఏడు ఆటే లేదు. తరువాత వేరే కుర్రాళ్ళు మొదలుపెట్టారు, లేత కర్రలతో.

నెల గడిచాక రాగుల మూట ఎత్తుకుని అక్క ఇంటికి పోయాను. గడప దాటనివ్వలేదు.

"ఎవరి కోసం కొట్టినావు?" అంది.

"నీ కోసమేనక్కా."

"నేను అడిగినానా?" అక్క గొంతు పెంచలేదు. లోపల మంచం మీద ఆయన ఉన్నాడు. "ఆట అయిన మరుసటి దినం పొద్దున బస్సుకు వచ్చేయాలని ఉన్నాను. పిల్లల గుడ్డలు మూటకట్టి రాగుల కుండ వెనక పెట్టినాను. నీతోనే హోసూరుకు వచ్చి ఏదన్నా పని చూసుకుందామని. ఇప్పుడు యట్లా వచ్చేది? కాలు విరిగినోణ్ణి వదిలి పోయింది అంటారు. వాళ్ళు అనకపోయినా నాకే కాళ్ళు రావు."

నేను మూట గడప మీద పెట్టాను. ఆమె తీసుకోలేదు. తిరిగి ఎత్తుకుని వచ్చేశాను.

రెండేళ్ళు అక్క ఆయన చేసిన పనే చేసింది, అదే బండ దగ్గర కంకర కొట్టింది. మధ్యాహ్నం వచ్చి ఆయనను లేపి, కడిగి, తిండి పెట్టేది. మంచం మీద నుంచి కూడా ఆయన కొట్టాడు. చేతికర్రతో, చెంబుతో, అందినదానితో. ఒకసారి చెంబు నుదుటికి తగిలి చీలింది. అక్క ఆయన చెయ్యి ఎంత దూరం అందుతుందో చూసుకుని, దానికి అవతల నిలబడి గిన్నె ముందుకు తోయడం నేర్చుకుంది. ఇవన్నీ మా అమ్మ చెబితే నాకు తెలిసేవి. విన్న ప్రతిసారీ ముందు నాకు వచ్చేది కోపమే, ఇంకో కాలు కూడా విరగ్గొట్టాలని. ఆ తరువాతే సిగ్గు వచ్చేది.

మూడో ఏడు వానల్లో ఒక పొద్దున ఆయన కుంటుకుంటూ బావికి పోయి, కడవ భుజాన పెట్టుకుని వచ్చాడు. అక్క కడవ దించుకుని, "నొప్పి ఉందా?" అని అడిగింది. "లేదు" అన్నాడు. ఆమె ఆ కడవ నీళ్ళతో వంట చేసి, ఆయనకు పెట్టి, పిల్లలను తీసుకుని ఉద్దనపల్లి బస్సు దగ్గరికి నడిచింది. ఆయన చేతికర్రతో వెంట వచ్చాడు. బస్సు దగ్గర కర్ర ఎత్తాడు.

"కొట్టు" అంది అక్క. "నిన్ను నడిపించినాను. ఇంక నీకూ నాకూ ఏమీ లేదు. కొట్టేది ఉంటే కొట్టు, బస్సు వస్తా ఉంది."

ఆయన కర్ర దించి దాని మీదే ఆనుకున్నాడు.

షిఫ్ట్ మారే వేళకు కంపెనీ గేటు ముందు ఇద్దరు పిల్లలతో అక్క నిలబడి ఉంది. నా గది పక్కనే ఇంకో గది తీసుకున్నాం. కొన్నాళ్ళకు ఆమెకు ఒక చిన్న కంపెనీలో పెట్టెలు సర్దే పని దొరికింది. ఆరు నెలలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒక ఆదివారం ఉన్నట్టుండి అంది:

"లారీలో నువ్వు చెప్పింది అబద్ధం. పోయి ఆ మనిషికి నిజం చెప్పేసి రా."

"ఆయన నిన్ను ఇంత చేసినాక నేను పోయి చెప్పాల్నా?"

"ఆయన చేసింది నేను చూసుకున్నాను. నువ్వు చేసింది నువ్వు చూసుకో."

బస్సెక్కి పోయాను. బావ బండ దగ్గర కూర్చుని, విరిగిన కాలు చాపుకుని, రాయి కొడుతున్నాడు. ఎదురుగా నిలబడి, "ఆ దినం నీ చెయ్యి చూసినాను బావా. చూసే కొట్టినాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "నీ కన్ను ఆడనే ఉండింది గదా."

సుత్తి పక్కన పెట్టి, రాయిని ఊతగా పట్టుకుని లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం పట్టలేదు. చెంప మీద ఒక్కటి కొట్టాడు. రాళ్ళు కొట్టే చెయ్యి, కళ్ళు బైర్లు కమ్మాయి. నేను కదలకుండా నిలబడ్డాను. ఇంకోటి కొడతాడనుకున్నాను. ఆయన మళ్ళీ కూర్చుని సుత్తి అందుకున్నాడు. పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు. బడికి పోతున్నారని చెప్పాను.

నేను హోసూరు చేరేసరికి అక్క రెండో షిఫ్టుకు బయలుదేరుతోంది. నా చెంప చూసింది.

"ఎన్ని?"

"ఒక్కటే."

"అన్నం కుండలో ఉంది. పిల్లలకు పెట్టి నువ్వూ తిను" అని, చెప్పులు వేసుకుని తన కంపెనీ వైపు నడిచిపోయింది.