మంగ ఒడిబియ్యం

సూరత్ పక్కన ఉధ్నా స్టేషన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కి, గోడాదరాలో మంగ మెస్సు దగ్గర దింపమంటే చాలు, ఏ ఆటోవాలా అయినా మా గల్లీ మొదట్లో దింపుతాడు. ఒకప్పుడు నా పేరు చెప్పినా దింపేవాళ్లు. ఇప్పుడు నా పేరు చెబితే "ఎవరు, మంగ మామనా?" అని అడుగుతున్నారు. అందుకు నాకేమీ చిన్నతనం లేదు.

నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ఆమె సంగతికి వస్తాను. నేను దశరథం. జగిత్యాల దగ్గర పల్లె మాది. ఊరి బడిలో ఏడో తరగతి దాకానే చదివినా, చేతిరాతలో తాలూకా మొత్తానికి నాకే బహుమతి వచ్చింది. మా ఊరి నుంచి సూరత్ బండి ఎక్కిన మొదటి మనిషిని నేనే. ఉధ్నాలో కార్ఖానా ఊడ్చే పనితో మొదలుపెట్టి, సాంచాలనే మరమగ్గాలు నడిపి, మాస్టర్‌నై, చివరికి నా సొంత సాంచాలు పెట్టుకున్నాను. మన ఆడవాళ్లు బతుకమ్మ ఆడుకోవడానికి మునిసిపాలిటీ వాళ్లను అడిగి మైదానం ఇప్పించింది నేను. మన సంఘం భవనానికి మొదటి ఇటుక పెట్టింది నేను. భార్యాభర్తల పంచాయితీలు ఎన్ని తెంపానో నాకే గుర్తు లేదు. ఇన్ని చేసినవాణ్ని, మా ఇంటి కోడలికి ఒడిబియ్యం పోయించడానికి పడిన తిప్పలు మాత్రం ఏ పనికీ పడలేదు.

మంగ నా తమ్ముడి కొడుకు పరమేశ్ భార్య. తమ్ముడు, మరదలు చిన్నవయసులోనే పోతే పరమేశ్‌ను నేనూ నా భార్య స్వరాజ్యమూ పెంచాం. మంగకు అలా పెంచేవాళ్లు కూడా లేకపోయారు. తల్లీతండ్రీ ఒకే వానకాలంలో జ్వరాలతో పోయారు. ఉన్న ఒక్క ముసలవ్వ ఆమెను తీసుకుపోయి, ధర్మపురి వైపు ఒక పల్లెలో ఉన్న పిల్లల ఆశ్రమంలో వదిలింది. అప్పటికి మంగకు ఊరి పేరు కూడా సరిగా పలకడం రాదు. బ్రహ్మచారి అని పేరున్న సారు, ఆయన భార్య కలిసి ఆ ఆశ్రమాన్ని నడిపేవారు. వంట చేసేది బుచ్చవ్వ.

ఆశ్రమం ముచ్చట్లు మంగ ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. కూరగాయలు తరుగుతూ, నవ్వుతూ చెబుతుంది. పొద్దున బడికి పోయే ముందు ఆడపిల్లలందరూ వరుసగా ఒకరి వెనక ఒకరు కూర్చుని ముందున్న వాళ్లకు జడ వేసేవాళ్లట. దాన్ని జడల రైలు అనేవాళ్లు. అందరికంటే వెనక కూర్చున్న పిల్లకు జడ వేసేవాళ్లు ఉండరు కాబట్టి, ఆ పిల్లకు బుచ్చవ్వే వచ్చి తల దువ్వేది. అందుకని చిన్నపిల్లలంతా చివరి చోటు కోసం కొట్టుకునేవాళ్లు.

"నేనే గెలుస్తుంటి మామా. ఎవలన్న ఆడ ముందుగాల కూసుంటే, నీ తలల పేలున్నయే అని ఒర్రుతుంటి. ఆళ్లు లేచి ఉరుకుడే."

ఎవరి పుట్టినరోజు ఎప్పుడో తెలియని పిల్లలే అక్కడ ఎక్కువ. అందుకని ఆశ్రమానికి వచ్చిన రోజునే పుట్టినరోజుగా చేసేవారు. ఆ రోజు ఆ పిల్లకు అడుగంటిన అన్నం చెక్కను బుచ్చవ్వ గీకి, బెల్లం పెట్టి ఇచ్చేది. నెలకో ఆదివారం చుట్టాలు వచ్చి పిల్లలను చూసిపోయేవాళ్లు. ఎవరి మేనమామో మురుకులు తెచ్చేవాడు, ఎవరి చిన్నమ్మో కొత్త గౌను తెచ్చేది. మంగ కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ ఆదివారాలు ఆమె బుచ్చవ్వతో పాటు వంటింట్లో ఉండేది. వంట నేర్చుకున్నది ఆ ఆదివారాల్లోనే.

మంగ, పరమేశ్‌ల సంబంధం చూసి కుదిర్చింది నేనే. చాలా సంబంధాలు కుదిర్చాను, అందులో ఇదే గొప్పదని గట్టిగా చెప్పగలను. బ్రహ్మచారి సారు, ఆయన భార్య కన్యాదానం చేశారు. మంగ సూరత్ వచ్చిన మర్నాడు స్వరాజ్యం ఆమెను అన్నం వండమని చెప్పి కూరగాయలకు పోయింది. తిరిగి వచ్చేసరికి మా బతుకమ్మ పండుగ గుండిగ పొయ్యి మీద ఉడుకుతోంది.

"ఏందే ఇది? ఎవల పెండ్లి?" అంది స్వరాజ్యం.

"అందరికీ సరిపోతదా అత్తమ్మా?"

"అందరంటే ఎవలే! ఇంట్ల ఉన్నదే నలుగురం!"

"నలుగురికి ఎంత పొయ్యాలె? మా దగ్గర గింతకన్న చిన్న గిన్నె లేకుండె."

పారేయలేక ఎదురు ఖోలీల్లో ఉండే సాంచాల పిల్లగాళ్లను పిలిచి పెట్టాం. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి వచ్చి, హోటల్ రొట్టెలు తిని నోరు చచ్చినవాళ్లు. మర్నాడు పనికి పోయే వేళకు పళ్లాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"వదినా, ఇయ్యాల గూడ ఎక్కువైందా?"

మంగ మెస్సు అట్లా మొదలైంది. ఈ రోజు డిండోలి నుంచి కూడా డబ్బాలు తీసుకుపోతారు. ఆమె పప్పుచారు కోసం ఒడియా వాళ్లు, యూపీ భయ్యాలు కూడా వస్తారు. ఒక గుజరాతీ సేఠ్ తన కూతురి పెళ్లికి మా వంటకాలు నాలుగు చేయించుకున్నాడు. మా ఇంటి పేరు నేను ఎంత నిలబెట్టానో, ఆమె అంతకు తక్కువ నిలబెట్టలేదు.

ఇక ఒడిబియ్యం మాట. పెళ్లయిన ఆడబిడ్డకు మూడో ఏటో ఐదో ఏటో తల్లిగారింటివాళ్లు ఒడిలో పసుపు బియ్యం పోయాలి. మనలో ఈ ముచ్చట తీరని ఆడది ఉండదు. మంగకు మూడో ఏడు బ్రహ్మచారి సారు మంచం పట్టి పోయారు. ఆయన భార్య కూడా ఎన్నాళ్లో ఉండలేదు. ఆశ్రమం మూతపడింది. పిల్లలను సర్కారు హాస్టళ్లకు పంపారు. ఐదో ఏడు వచ్చేసరికి మంగకు తల్లిగారిల్లు అని చెప్పుకోవడానికి తలుపు కూడా లేదు.

గల్లీలో ఆడవాళ్లు ఊరుకుంటారా? నల్లా దగ్గర పక్కింటి వినోద అననే అంది.

"మంగా, నీ ఒడి ఎప్పుడు నింపుతరే? నీకేంది, ఊరంత తల్లిగారే. ఎవలో ఒకలు రాకపోతరా?"

ఎవరేమన్నా అక్కడికక్కడే బదులు చెప్పే మంగ, ఆ రోజు నిండని బిందెతో ఇంట్లోకి వచ్చింది. సంగతి తెలిసి నేను అన్నాను, "నేను లేనా బిడ్డా? ఎంతమంది ఆడపిల్లల శుభకార్యాలు నా చేతుల మీద జరగలేదు? నీ ఒడి మేం నింపుతం."

"మీరు అత్తగారోళ్లు మామా. అత్తగారోళ్లు పోస్తే అది ఒడిబియ్యం ఎట్లయితది?"

మాట నిజమే.

"బుచ్చవ్వను పిలువుండ్రి. ఆమె పోస్తే పోసుకుంట. లేకుంటే నాకు ఒద్దు."

స్వరాజ్యం చేతిలో చాట కింద పెట్టింది. "బొట్టు లేని మనిషి ఒడిబియ్యం పోసుడేందే? ముత్తయిదువలు పొయ్యాలె. లోకం నవ్వదా?"

"లోకం నా తల దువ్విందా అత్తమ్మా?"

ఆ మాటకు స్వరాజ్యం మళ్లీ చాట అందుకుంది కానీ, చెరగలేదు.

నేను బుచ్చవ్వకు ఫోన్ చేశాను. ఆశ్రమం మూసేశాక ఆమె ఆ పల్లెలోనే ఒక అర్రలో ఉంటోంది. సంగతి చెప్పాను.

"ఒద్దు దశరథమన్నా. పిల్ల పచ్చగుండాలె. నా చెయ్యి పడొద్దు."

"పోనీ, పొయ్యకు. వచ్చి చూసి పో. అది నీ మీదనే పానం పెట్టుకున్నది."

"చూసి పోత. చెయ్యి మాత్రం పెట్ట."

పరమేశ్ పోయి ఆమెను బండిలో తీసుకొచ్చాడు. ఆమె సామాను అంటూ రెండు చీరలు, తలకెత్తుకుంటే తప్ప మోయలేనంత బియ్యం మూట. సూరత్‌లో బియ్యం దొరకవనుకుందేమో అని నవ్వుకుంటూ స్వరాజ్యం మూట విప్పింది.

"ఇవేం బియ్యం? దొడ్డువి, సన్నవి, పాతవి, కొత్తవి అన్నీ కలిసినయ్. రేషనువి గూడ ఉన్నయి. గిట్లెట్ల వండుతం?"

బుచ్చవ్వ తల వంచుకుంది. మంగ మాత్రం మూట ముందు కూలబడి, రెండు చేతులూ మోచేతుల దాకా బియ్యంలో పెట్టింది. అప్పుడు చెప్పింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంట్లో పొయ్యి దగ్గర ఒక కుండ ఉండేదట. ఇంటావిడ అన్నానికి బియ్యం కడిగే ముందు ఆశ్రమం పిల్లలకని ఒక పిడికెడు తీసి అందులో వేసేది. వారం వారం పిల్లలు సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునేవాళ్లు. ఆ అన్నంలో ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉండేది.

"బువ్వంటే గట్లనే ఉంటదనుకున్న అత్తమ్మా. నా పెండ్లిల మొదటిసారి ఒక్క తీరు బువ్వ తిన్న. ఏందో మరిచిపోయి వండిండ్రు అనుకున్న."

"ఆశ్రమం మూసిండ్రు గద, మరి ఇవెక్కడియి అవ్వా?" అని నేను బుచ్చవ్వను అడిగాను.

"అడుక్కొచ్చిన అన్నా. మన మంగకు ఒడిబియ్యం అని ఇల్లిల్లు చెప్పిన. ఒక్కలు గూడ లేదనలే. కొందరు పిడికెడు కాదు, సోలెడు పోసిండ్రు."

స్వరాజ్యం ఆ బియ్యానికే పసుపు, నెయ్యి కలిపింది.

శుక్రవారం పొద్దున గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. మంగ కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. బుచ్చవ్వ అన్నట్టే ముందుకు రాలేదు. పప్పు మాడుతుందని చెప్పి వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. మంగ పిలిస్తే "వింటున్ననే, కానియ్యిండ్రి" అంది. మంగ లేవబోయింది. స్వరాజ్యం ఆమె భుజం మీద చేయి వేసి, "పెద్దమనిషిని ఇబ్బంది పెట్టకు బిడ్డా. బియ్యం ఆమెవే కదా, చేతులు మావి" అని నెమ్మదిగా కూర్చోబెట్టింది. స్వరాజ్యం పోసింది, తరువాత వినోద పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ పెట్టారు. పాటలు పాడారు. మంగ ముఖంలో మాత్రం ఏమీ లేదు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అంతమందిలో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉన్నట్టనిపించింది నాకు.

ఒడి నిండిన ఆడబిడ్డ అందులోంచి కొన్ని బియ్యం తీసి తల్లిగారింట్లో తిరిగి పోసి రావాలి. పుట్టిల్లు వట్టిపోకూడదని ఆ పద్ధతి. మంగకు ఆ ఇల్లు లేదు కాబట్టి ఇక్కడే పోయడానికి ఆడవాళ్లు దేవుడి పటాల ముందు ఒక పళ్లెం పెట్టారు. మంగ కొంగు రెండు చేతులా పట్టుకుని లేచింది. పటాలు దాటింది, పళ్లెం దాటింది. వంటింటి గడపలో నిలబడింది.

"కొంగు పట్టు అవ్వా."

"నాకెందుకే?"

"తల్లిగారింటికి పొయ్యాలెనట. పట్టు."

ఇవ్వడానికి వద్దన్న మనిషి తీసుకోవడానికి వద్దనలేకపోయింది. బుచ్చవ్వ లేచి కొంగు చాపింది. మంగ పిడికిళ్లు లెక్కపెట్టలేదు, తన ఒడిలోంచి ధారగా వంచింది. బుచ్చవ్వ గాభరా పడింది.

"ఏందే, గిట్ల గుమ్మరిస్తివి! నీ ఒడి సగమాయె. ఆడిబిడ్డ ఒడి వెల్తిగ ఉంటదా, తిక్కదానా!"

అంటూనే తన కొంగులోంచి దోసెడు తీసి మంగ ఒడిలో పోసింది. రెండో దోసిలి ఎత్తాక గానీ తాను చేస్తున్నదేమిటో ఆమెకు తెలియలేదు. చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పాట పాడుతున్న ఆడవాళ్లు కూడా ఆగారు.

నా భార్యతో కాపురం చేయబట్టి ఎన్నేళ్లయిందో అందరికీ తెలుసు. ఆమె ఒక మాట అంటే వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

"ఆగినవేంది వదినా?" అంది స్వరాజ్యం. "పొయ్యి. ఐదు దోసిళ్లు కావాలె."

బుచ్చవ్వ పోసింది. దోసిలి అంచుల నుంచి కొన్ని గడప మీద రాలాయి. వినోద వంగి ఒక్కొక్క గింజా ఏరి మంగ ఒడిలో వేసింది. అప్పుడు ఏడ్చింది మంగ. మా ఇంటికి వచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు.

భోజనాలయ్యాక బుచ్చవ్వ నా ముందుకు వచ్చి కూర్చుంది. పొద్దున వంటింట్లో దాక్కున్న మనిషేనా ఈమె అనిపించింది. నడుం నిటారుగా పెట్టి, ఆడపిల్ల తల్లి వియ్యంకుణ్ని అడిగినట్టే అడిగింది.

"దశరథమన్నా, బతుకమ్మకు మా పిల్లను తోలియ్యాలె."

నేను నోరు తెరిచేలోపు స్వరాజ్యం అందుకుంది. "గదెట్లయితది వదినా? మెస్సు ఎవలు నడుపుతరు?"

"నడుపుకోండ్రి. మా పిల్ల రాకముందు మీరు తినలేదా ఏంది?"

"ఆఖరినాడు, సద్దులనాటికి పంపుత తీయ్. రెండొద్దులు ఉండి వస్తది."

"రెండొద్దులకు రైలు ఖర్చు దండుగ. మొదటి రోజు, ఎంగిలిపూలనాడే తోలియ్యిండ్రి. తొమ్మిదొద్దులు ఉంటది."

"ఉన్నది ఒక్క అర్ర అంటివి, తొమ్మిదొద్దులు ఏడ పండుకుంటది?"

"నా పక్కల పండుకుంటది. ఎన్నడు పండుకోలేదా?"

నేను సంఘంలో ఎన్నో పంచాయితీలు తెంపినవాణ్ని. ఈ వదినల మధ్యకు మాత్రం పోలేదు. పరమేశ్ అప్పటికే గోడకు ఆనుకుని, ఫోన్‌లో రైలు టికెట్లు వెతుకుతున్నాడు.